బండకొట్టాల తీర్మానం

బనగానపల్లె అంటే లోకానికి మామిడిపండు. ఆ పండు చీకేవాళ్ళకు దాని పక్కనే ఉన్న బండకొట్టాల సంగతి తెలియదు. ఊరి పేరులోనే పని చెప్పేశారు పెద్దలు: బండ కొట్టాల. ఎవరు కొట్టాల, ఎవరికోసం కొట్టాల, ఎన్నాళ్ళు కొట్టాల అన్నవి మాత్రం పేరులో పట్టలేదు. తవ్వితే మూరెడు మట్టి, ఆ కింద నాపరాయి, పొర మీద పొర. వాన పడితే జొన్నలు, పడకపోతే రాళ్ళు. పడని ఏళ్ళే ఎక్కువ గనుక ఊరంతటికీ గనే దిక్కు. రాయి బాగా తెలిసిన ఊరు, రాయడం అంతగా తెలియని ఊరు.

గాబ్రియేలుకు యాభై దాటాయి. రాళ్ళు కొట్టేవాళ్ళ సంఘానికి ఆయనే అధ్యక్షుడు, చర్చి సంఘానికి ఆయనే పెద్ద. రెండు సంఘాల్లోనూ మనుషులు వాళ్ళే. పొద్దున స్తోత్రం, సాయంత్రం నినాదం. గొంతులు అవే కావడంతో రాగాలు కూడా అటూ ఇటూ కలిసిపోయేవి. ఒకసారి మే డే నాడు జెండా ఎగరేశాక ఎవరో ముసలాయన ‘హల్లెలూయ’ అన్నాడు. ఎవరూ నవ్వలేదు, ఎందుకంటే అందరి నోట్లోనూ అదే ఉంది.

గని ఉన్న గుట్ట లీజు బనగానపల్లె షావుకారు తిరుమలయ్యది. ఆయన పోయాక అది ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మ చేతికొచ్చింది. ‘రాజ్యమూ పెట్టుబడీ వేరువేరు కాదు’ అని ఎవరైనా ఉపన్యాసం ఎత్తుకుంటే వెనక వరుసలోంచి జవాబు తయారుగా ఉండేది:

“వేరెట్లయితాయప్పా. రాజ్యమూ లక్ష్మీ ఒకే రేషన్ కార్డులో ఉండారు గదా.”

2004 ఎండాకాలంలో కూలి పెంచమని సంఘం పని ఆపింది. సమ్మెట పట్టిన చేతికి సమ్మె ఎంతసేపు, చివరి అక్షరం వదిలేస్తే చాలు. రాజ్యలక్ష్మమ్మ గనికి తాళం వేద్దామనుకుంది గానీ గనికి తలుపు లేదు. అందుకని మేనేజరును, యంత్రాలను, లారీలను ఎత్తుకుపోయింది. అప్పటికే లీజు గడువు తీరింది. దాన్ని కూడా పొడిగించుకోలేదు. ఆకలేస్తే వీళ్ళే కాళ్ళ దగ్గరికొస్తారు, అప్పుడు చూద్దాం అనుకుంది.

వీళ్ళు కాళ్ళ దగ్గరికి పోలేదు. గుట్ట మీదికి పోయారు. గడ్డపారలు, రాయి చీల్చే చీలలు, సమ్మెటలు, అంతే. మేస్త్రీ లేడు. ఎవరు ఏ గుంతలో దిగాలో పొద్దున్నే కూర్చుని మాట్లాడుకునేవారు. మొదటి వారం మాట్లాడుకోవడమే పని అయింది. తరువాత మాటలు తగ్గాయి, రాయి లేచింది. గాబ్రియేలు తండ్రి ఆ గుట్ట కిందనే పెద్ద బండ దొర్లి పోయాడు. ఆ గుట్ట మీద తన ఇష్టప్రకారం చీల దిగ్గొట్టిన మొదటి పొద్దు, గాబ్రియేలు కాసేపు పని ఆపి ఊరకే నిలబడ్డాడు. ఎందుకు నిలబడ్డావని అడిగే మనిషి లేడు కదా అని ఇంకాసేపు నిలబడ్డాడు.

ఆ వానకాలమే హైదరాబాదులో ప్రభుత్వానికీ అడవిలోని అన్నలకూ చర్చలు జరుగుతున్నాయన్నారు. ఆత్మకూరు అడవి వైపు ఏళ్ళతరబడి తిరిగిన ఏసేపు, గాబ్రియేలు భార్య జ్ఞానమణికి సొంత తమ్ముడు, పట్టపగలు బస్సు దిగి, కండక్టరుతో చిల్లర దగ్గర తగువు కూడా పెట్టుకుని, అక్క ఇంటికొచ్చాడు. అన్నలు అడవిలో ఉన్నంతకాలం బావలకు ఇబ్బంది లేదు. ఊళ్ళోకొస్తేనే వాదన.

వాదనకు సరుకు అప్పటికే గుట్ట మీద పేర్చి ఉంది. రాయి లేచింది గానీ కదల్లేదు. గనుల ఆఫీసు పర్మిట్ లేని బండ లారీ ఎక్కితే చెక్‌పోస్టు దాటదు. సాహసించిన ఒక లారీని పట్టుకున్నారు. ఆ తరువాత డ్రైవర్లు గుట్ట వైపు చూడటమే మానేశారు. గుట్ట మీద బండలు నిలువెత్తు పేరుకున్నాయి. ఇళ్ళలో గాదెలు అడుగంటాయి. సంఘంలో గట్టిగా మాట్లాడిన వాళ్ళ పేర్లు స్టేషనుకు చేరి, కేసులయ్యాయి. ఎవరు చేరవేస్తున్నారో తెలియక జనం ఒకరినొకరు పక్కచూపు చూసుకోవడం మొదలైంది.

అలాంటప్పుడు ఒక గురువారం గనుల ఆఫీసరు జీపులో వచ్చాడు. మంచివాడిలాగే ఉన్నాడు. కుర్చీ వేస్తే దుమ్ము తుడుచుకోకుండా కూర్చున్నాడు.

“మీరు సొసైటీ పెట్టుకోండి. లీజు మీ సొసైటీకే ఇద్దాం. ప్రభుత్వం మీ వైపే ఉంది” అన్నాడు.

“శానా సంతోషం సార్” అన్నాడు గాబ్రియేలు.

“అయితే ఒకటి. ఆక్రమణలో ఉన్న భూమిని లీజుకివ్వడానికి రూల్సు ఒప్పుకోవు. ముందు ఖాళీ చేసి మాకు అప్పగించాలి.”

“ఆక్రమించింది ఎవురు సార్?”

“మీరే కదయ్యా.”

“ఇచ్చేది ఎవురికి?”

“మీకే.”

“అంటే మా తావనుంచి తీసుకుని మాకే ఇస్తారు.”

“ప్రొసీజరు అది.”

వెనక నిలబడ్డ విశ్వాసమ్మ పక్కామెతో అంది: “నా మొగుణ్ణి నాకిచ్చేదానికి ముందు వాళ్ళింటికి పంపమంటాండాడు.”

ఆఫీసరు కూడా నవ్వాడు. సోమవారంలోగా ఏ సంగతో చెప్పమన్నాడు. చెప్పకపోతే తన చేతుల్లో ఉండదన్నాడు. ఎవరి చేతుల్లో ఉంటుందో ఎవరూ అడగలేదు, అందరికీ తెలుసు.

మరునాడు మధ్యాహ్నం, గుట్ట మీద పేర్చిన బండల నీడలో కూర్చుని బావా బావమరుదులు రొట్టె తింటున్నారు. జ్ఞానమణి మూట విప్పి ఊరిమిండి పచ్చడి పెడుతోంది.

“బావా, ఒగమాట చెప్తాండా విను” అన్నాడు ఏసేపు. “రాజ్యానికి అప్పగించిన గుట్ట మళ్ళీ రాదు.”

“రాజ్యం అంటే పనిముట్టని నువ్వే కదప్పా చెప్తావు. పనిముట్టు పట్టుకున్నోనిది. ఈ గడ్డపార రాజ్యలక్ష్మమ్మ కొనింది, ఇప్పుడు నేను పట్టుకున్యా. రాయి లేస్తాండాదా లేదా?”

“అది గడ్డపార కాదు బావా, గుర్రం. నువ్వు ఎక్కినంత మాత్రాన నీ దావన పోదు. మేత పెట్టినోని ఇంటికే పోతాది.”

గాబ్రియేలు నమలడం ఆపాడు. మాట బాగుంది. బాగున్న మాటలంటేనే ఆయనకు భయం.

“సరే. నువ్వు చెప్పేదేంది?”

“పట్టుకోనుండాల. బేతంచర్ల గనులోళ్ళు, కొలిమిగుండ్ల గనులోళ్ళు గూడా ఎక్కి కూర్చుంటే ఎన్ని జీపులు పంపుతారు?”

“నేను పోయొచ్చినా బేతంచర్లకు. ఏమన్యారో తెల్సునా? ముందు మీరు గెలవండి, ఆమైన మేమొస్తాము అన్యారు. గెలిచినాక వాళ్ళెందుకప్పా, పాయసం తాగేదానికా?”

“టయిము పడతాది.”

“ఎంత?”

ఏసేపు రొట్టె తుంచాడు, నోట్లో పెట్టుకోలేదు.

“అన్నేండ్లు అడివిలో ఉండి వస్తివి” అన్నాడు గాబ్రియేలు, గొంతు తగ్గించి. “ఒగ చెక్‌పోస్టు ఎత్తేయగలిగితిరా?”

“అన్నేండ్లు ఓట్లేస్తిరి మీరు. ఒగ పర్మిట్ తెచ్చుకుంటిరా?”

“ఇద్దురూ తినండి” అంది జ్ఞానమణి. “రొట్టె చల్లారిపోతాది. రాజ్యం యాడికీ పోదులే.”

గాబ్రియేలుకు బావమరిది మీద కోపం లేదు. అతను చెప్పేది తప్పని కూడా అనిపించలేదు. కానీ ఒక గుట్ట, చుట్టూ చెక్‌పోస్టులు, ఇళ్ళలో గంజి పలచబడుతున్న పిల్లలు. రేపు పోలీసులొస్తే ముందు నిలబడేది ఉపన్యాసం కాదు, ఈ మనుషులే. కాగితం ఒక్కటి చేతికొస్తే రాయి కదులుతుంది. గుర్రమే అనుకుందాం; కళ్ళెం మన చేతికొచ్చాక చూసుకోవచ్చు. ఇలా అనుకున్నప్పుడల్లా ఆయనకు కొంత ధైర్యం, ధైర్యం కింద కొంత వణుకు.

హైదరాబాదులో చర్చలు చర్చలుగానే ఉండగా, బండకొట్టాల చర్చ చర్చిలో పెట్టారు. ఊరంతా పట్టే నీడ అదొక్కటే. ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరు జ్ఞానరాజయ్యగారు ప్రసంగాన్ని మామూలుగా పొడిగించకుండా పీఠం ఖాళీ చేశారు. ఆ త్యాగం చిన్నది కాదు.

చేతులెత్తి చెప్పమంటే ఎవరెత్తారో స్టేషనుకు తెలిసిపోతుంది. చీటీలు రాయమంటే రాయగలిగినవాళ్ళు తక్కువ. అయ్యగారే దారి చూపారు. ఉజ్జీవ కూటాల్లో చేస్తారే, అలా. ‘తల వంచండి, కళ్ళు మూసుకోండి, ప్రభువును అంగీకరించేవాళ్ళు చెయ్యెత్తండి, ఎవరూ ఎవరినీ చూడొద్దు’ అంటారు కదా. ఎత్తిన చేతులను చూసేది బోధకుడొక్కడే. బండకొట్టాలలో పసిపిల్లలకు కూడా అలవాటైన పద్ధతి.

“చూసేదెవరు?” అని అడిగారు ఎవరో.

“బావే చూడనీ. నాకు నమ్మకమే” అన్నాడు ఏసేపు.

గాబ్రియేలు పీఠం దగ్గర నిలబడ్డాడు. తలలు వంగాయి. కొంగులు ముఖాల మీదికి జారాయి.

“గుట్ట అప్పగించి కాగితం తీసుకుందామనేటోళ్ళు చేతులెత్తండి.”

అక్కడొకటి, ఇక్కడొకటి లేచాయి. కిటికీ పక్కన ఇంకొన్ని, సగం వరకే.

“దింపండి. గుట్ట పట్టుకోనే ఉందామనేటోళ్ళు ఎత్తండి.”

చేతులు లేచాయి. సున్నం పగుళ్ళలాంటి గీతలున్న చేతులు, వేళ్ళు తెగిన చేతులు, గాజుల చేతులు. విశ్వాసమ్మ రెండూ ఎత్తింది. మూడో వరుసలో జ్ఞానమణి చెయ్యి నిటారుగా ఉంది. లెక్కపెట్టే అవసరం లేదు. పంట బాగా వచ్చిన చేను గట్టు మీద నిలబడి చూస్తే ఎలా ఉంటుందో అలా ఉంది. ఆ చేని మీదికి జీపులు దిగడం ఆయన కళ్ళకు కట్టింది.

“దింపండి” అన్నాడు గాబ్రియేలు. “కండ్లు తెరవండి. కాగితం తీసుకుందామన్నోళ్ళే ఎక్కువుండారు.”

కొంగులు ముఖాల మీదినుంచి వెనక్కి జారాయి. ఒక దగ్గు వినిపించింది.

“ఆమెన్” అన్నారు అయ్యగారు, గట్టిగా.

“ఆమెన్” అంది సంఘం.

ఇంటికి పోయేదారిలో జ్ఞానమణి నాలుగడుగులు ముందు నడిచింది. గడపలోకి వచ్చాక చెప్పులు విడుస్తూ అంది:

“నేను జూసినా.”

“ఏం జూసినావు?”

“చేతులు.”

గాబ్రియేలు గోడకానుకున్నాడు. “ప్రార్థనలో కండ్లు తెరిచినావా?”

“నేనొక్కదాన్నేనా. అందురూ తెరిచినారు. ఎప్పుడూ తెరుస్తారు. నువ్వు పీఠం కాడ నిలబడేది ఇదే మొదులు కాబట్టి నీకు తెలీదు.”

“మరి ఒక్కరన్నా అడగలేదే?”

“ఎట్లడుగుతారు? నేను కండ్లు తెరిచినానని దేవుని ఇంట్లో లేచి చెప్పాలంటే నోరొస్తాదా? ఆమెన్ అనేది సులువు.” ఆమె కుండలో నీళ్ళు ముంచుకుని తాగింది. “కండ్లు మూసుకున్యోళ్ళు ఇద్దరే. అయ్యగారు, మా ఏసేపు.”

అదీ విడ్డూరం. దేవుణ్ణి నమ్మని ఏసేపు ఒక్కడే అయ్యగారితో సమానంగా కళ్ళు బిగించి మూసుకున్నాడు. వాడు జనాన్ని నమ్మాడు.

“పోయి చెప్పు వానికి” అంది జ్ఞానమణి. “రేపు పొద్దున దాకా టయిముంది.”

గాబ్రియేలు లేచాడు. చెప్పాలనే లేచాడు. వీధిలో రచ్చబండ మీద కూర్చున్నవాళ్ళు ఆయనను చూసి జరిగి చోటిచ్చారు. ఎవరైనా ఒక్క మాట అడిగితే చాలు, ఒప్పుకుందామనుకున్నాడు. నిలదీస్తే నిలబడి చెప్పవచ్చు. నిలదీసేవాళ్ళు లేక నిలబడటం కష్టం.

“ఏమన్నా, రేపే కదా అప్పగించేది” అన్నాడు వసంతకుమార్. నిన్నటిదాకా ‘గుట్ట వదిలితే నా పీనుగు మీదనే’ అన్నవాడు వాడు.

“రేపే. నీకేం అనిపిస్తాండాదప్పా?”

“మాకేముందన్నా. నువ్వు జూసినావు, నువ్వు చెప్పినావు. మంచయినా చెడయినా నువ్వుండావు కదా.”

తక్కినవాళ్ళు తలలూపారు. అందరి ముఖాల్లోనూ ఏదో బరువు దించుకున్న తేట కనిపించింది. వాళ్ళు నమ్మకం ఇవ్వడం లేదు, భారం అప్పగిస్తున్నారు. అది ఆయనకు అర్థమైంది. అర్థమయ్యాక కూడా ఏసేపు బస చేసిన ఇంటి మలుపు దగ్గర ఆగాడు. లోపల వాడు ఎవరితోనో నవ్వుతూ మాట్లాడుతున్నాడు. చెబితే రేపు గుట్ట మీద అందరూ ఉంటారు, జీపులూ ఉంటాయి. చెప్పకపోతే కాగితం వస్తుంది. వస్తుంది, అని ఇంకోసారి అనుకుని, వెనక్కి తిరిగాడు.

సోమవారం గుట్ట దిగారు. అందరికంటే ముందు గడ్డపార భుజాన వేసుకుని దిగింది ఏసేపే.

“నీకు బాధగా లేదా?” అన్నాడు గాబ్రియేలు, వాడి పక్కన నడుస్తూ.

“ఉండాది. జనం తప్పు చేస్తాండారు అనుకుంటాండా. అయినా వాళ్ళ తప్పు వాళ్ళనే చేయనీ బావా. వాళ్ళ తరపున నేను ఒప్పు చేస్తే అది ఇంగో రాజ్యమే అయితాది.”

గాబ్రియేలు నోరు తెరిచాడు. దారి దిగుడుగా ఉంది, కాళ్ళ కింద రాతిచెక్కలు జారుతున్నాయి. దిగేదాకా ఆ నోరు అట్లే ఉంది.

వారం తిరక్కముందే ఏసేపు మళ్ళీ అడవికి వెళ్ళిపోయాడు. గుట్ట మీదికి కాపలాకని పోలీసు పికెట్ వచ్చింది. లీజు తేలేదాకా ఎవరూ ఎక్కకుండా, అంటే సొసైటీ క్షేమం కోసమే. సొసైటీ దరఖాస్తు పెట్టింది. దరఖాస్తు పరిశీలనలో ఉందన్నారు. శిల కాస్తా పరిశీలనలో పడింది. గాబ్రియేలు ఆఫీసుకు పోయినప్పుడల్లా మంచినీళ్ళిచ్చి కూర్చోబెట్టేవారు. పాత ఆఫీసరు బదిలీ అయ్యాడు. కొత్తాయన కూడా మంచివాడిలాగే ఉన్నాడు.

ఒకరోజు గుట్ట మీద మరిచిపోయిన చీలలు అడగడానికి గాబ్రియేలు పికెట్ దగ్గరికి పోయాడు. కాపలా ఉన్న కానిస్టేబులు ఆలూరు వైపు మనిషి. ఎండకు టోపీ తీసి విసురుకుంటున్నాడు.

“ఎక్కగూడదు పెద్దాయనా. ఆర్డరు.”

“చీలలు మావేనప్పా.”

“మీవే కావచ్చు. మా నాయనవి గూడా ఆలూరు కాడ నాలుగెకరాలుండాయి, వాన రాక బీడు పెట్టినాడు. నాకు ఉద్యోగం వచ్చిందని ఊరంతా బెల్లం పంచినాడు.” అతను బండ మీద కొంచెం జరిగాడు. “కూర్చో, నీళ్ళు తాగి పో. నేనుండేది మీ కోసమేనంట. అట్ల చెప్పి పంపినారు.”

గాబ్రియేలు కూర్చున్నాడు, నీళ్ళు తాగాడు, చీలలు లేకుండా దిగాడు.

జనవరిలో చర్చలు చెడిపోయాయని పేపర్లలో వచ్చింది. పికెట్‌లో మనుషులు పెరిగారు. శివరాత్రి దాటాక మరొక పేపరు వచ్చింది. అందులో అడవిలో ఎదురుకాల్పుల్లో పడిపోయినవాళ్ళ పేర్లలో ఒకటి ఏసేపుది. తండ్రి పేరు తప్పు వేశారు, ఊరి పేరు సరిగానే ఉంది.

జ్ఞానమణి ఏడ్చింది. ఏడుపు అయ్యాక గాబ్రియేలును ఒకటే అడిగింది.

“వానికి చెప్పినావా?”

“లేదు.”

“జనమే వద్దన్యారు అనుకోనే పోయినాడు.”

ఆ తరువాత ఆమె వంట మానలేదు, అన్నం పెట్టడం మానలేదు. ఆయనను పిలవడం మాత్రం మానేసింది.

గుట్ట లీజు కార్మికుల సొసైటీకే వచ్చింది. ఆఫీసు మాట తప్పలేదు. అయితే అది వేరే సొసైటీ. రాజ్యలక్ష్మమ్మ లారీ డ్రైవర్లు, ఇంట్లో వంటమనిషి, పాలిష్ ఫ్యాక్టరీ వాచ్‌మన్ అందులో సభ్యులు. వాళ్ళూ కష్టజీవులే కాబట్టి ఏ రూలూ తప్పలేదు. ‘మా సంగతేంది సార్’ అంటే, మీది ఇంకా పరిశీలనలోనే ఉందన్నారు. కావాలంటే అప్పీలు చేసుకోమన్నారు. అప్పీలు చేశారు. అది ఎక్కడుందో తెలియదు.

గాబ్రియేలు ఒకసారి సంఘాన్ని పిలిచాడు. చర్చిలో కాదు, వీధిలో. “మళ్ళా ఎక్కుదామా?” అని అడిగాడు. ఎవరో జొన్నలు అయిపోయాయన్నారు. ఎవరో కొడుకు మీద కేసుందన్నారు. ‘నువ్వెట్ల చెప్తే అట్ల’ అన్నారు మిగతావాళ్ళు. ఆ మాట వినగానే ఆయన ఇంకేమీ చెప్పలేకపోయాడు.

ఉగాది తరువాత గని తెరిచారు. పాత కూలికే పని. రాజ్యలక్ష్మమ్మ పంపిన కొత్త మేనేజరు సుదర్శన్ కొత్తగా వేసిన పందిరి కింద నిలబడ్డాడు. ఊరు ఊరంతా గంపలతో, గడ్డపారలతో ఎదురుగా ఎండలో నిలబడింది. గాబ్రియేలు చివర నిలబడ్డాడు.

“నేను ఇంతమందితో మాట్లాడలేనప్పా” అన్నాడు సుదర్శన్. “ఒగ మనిషిని చెప్పండి. మేస్త్రీగా పెట్టుకుంటా. మీ మాట నాకు చెప్పల్ల, నా మాట మీకు చెప్పల్ల. ఎవురో మీరే ఎన్నుకోండి, నేను బలవంతం చెయ్యను.”

గంపలు ఒక చంకనుంచి ఇంకో చంకకు మారాయి.

“గాబ్రియేలు ఉండాడు గదా” అంది విశ్వాసమ్మ.

“ఆయనే” అన్నాడు వసంతకుమార్.

“ఆయనే, ఆయనే” అన్నారు చాలామంది. ఎగతాళి లేదు, కోపం లేదు. పొద్దెక్కుతోంది, పని మొదలుకావాలి, అంతే. గాబ్రియేలు ఒక్కొక్కరి ముఖమూ చూశాడు. వద్దని ఒక్కరు అంటే చాలు, ఆ మనిషి చెయ్యి పట్టుకుని ఏడ్చేవాడు. ఎవరూ అనలేదు. చివరికి గంప చంకన పెట్టుకుని నిలబడ్డ భార్య వైపు చూశాడు.

జ్ఞానమణి ఆయన వైపు చూడలేదు. మేనేజరుతో చెప్పింది.

“పెట్టుకోండి సార్. అందరి తరపునా చెప్పేది ఆయనకు అలవాటే.”

“అయితే సరే” అన్నాడు సుదర్శన్. “ఏమప్పా, ఎండలో ఎందుకు, ఇట్ల రా.”

గాబ్రియేలు గడ్డపారను పక్కవాడి చేతికిచ్చి, పందిరి కిందికి వెళ్ళాడు.